బొగ్గు అన్న మాట లేని బొగ్గు పాఠం

తెలంగాణ ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో బొగ్గు, పెట్రోలియం మీద ఒక పాఠం ఉంది. నారాయణపేటలో చదివినా, నల్లగొండలో చదివినా, బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో చదివినా ఆ పాఠం ఒకటే. గోదావరిఖని పిల్లకు మాత్రం అందులో కొత్తగా తెలిసేది తక్కువ. తెలిసి కూడా ఎక్కడా రాయడానికి వీలు లేనిది ఎక్కువ. నాన్నకు ఈ వారం ఏ షిఫ్టో తెలుసు. బాయి (భూగర్భ గని) దిగకముందే ముస్టర్ (హాజరు) పడాలని తెలుసు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ పెడితే ఇంట్లో గిన్నెలు కదలడం తెలుసు. ఊరి పక్కన ఓబీ గుట్ట (బొగ్గు మీదినుంచి తవ్విపోసిన మట్టి) ఏటేటా ఎట్లా పెరిగిందో తెలుసు. పరీక్ష అడిగేది కోక్ ఉపయోగాలు.

పిల్లకు తెలిసినదాన్ని పాఠంలోకి తీసుకురావాలని మంచి టీచర్లందరికీ ఉంటుంది. కోరిక ఉండటం వేరు, ఆ పనికి తగిన చట్రం చేతిలో ఉండటం వేరు. అలాంటి చట్రాల్లో నేను చూసినంతలో అన్నిటికన్నా శ్రద్ధగా బిగించినది ఇంటర్నేషనల్ బకలారియట్ సంస్థ మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్. పొట్టిగా ఐబీ ఎంవైపీ. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు, అంటే మన లెక్కలో ఆరు నుంచి పదో తరగతి దాకా, ఐదేళ్ల కార్యక్రమం. మన రాష్ట్రంలో ఈ మాట వినిపించేది ఎక్కువగా హైదరాబాదు చుట్టుపక్కల పెద్ద ఫీజుల బడుల దగ్గర. అందుకని మాట రాగానే సంభాషణ ఫీజు మీదికి, ఈతకొలను మీదికి పోతుంది. లోపలి పనితనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు మాట్లాడాలనిపించింది దాని గురించే.

ముందు అది ఎక్కడ పుట్టిందో కొంచెం. 1968లో జెనీవా కేంద్రంగా మొదలైన ఐబీకి మొదట్లో ఉన్నది కాలేజీ గడప దగ్గరి పిల్లల డిప్లొమా ఒక్కటే. మధ్య తరగతుల పిల్లలకు ఏం కావాలన్న ప్రశ్న మీద ఇంటర్నేషనల్ స్కూల్స్ అసోసియేషన్ 1980లో టాంజానియాలోని మోషీ పట్టణంలో సమావేశం పెట్టింది. కిలిమంజారో పర్వతం కింద ఉండే ఊరు అది. అక్కడ మొదలైన చర్చ 1987కు ఒక పాఠ్యప్రణాళిక ముసాయిదా అయింది. తర్వాత ఐబీ దాన్ని చేతిలోకి తీసుకుని 1994లో ఎంవైపీగా బళ్లకు ఇచ్చింది. 2014లో మళ్లీ విప్పి బిగించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న నిర్మాణం చాలావరకు ఆ మరమ్మతుదే.

ఇందులో మొట్టమొదట ఆశ్చర్యపరిచేది, పాఠ్యపుస్తకం లేకపోవడం. ఎనిమిది విషయ బృందాలున్నాయి: సాహిత్యంతో కూడిన భాష, నేర్చుకునే మరో భాష, సమాజశాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు, గణితం, కళలు, శారీరక ఆరోగ్య విద్య, డిజైన్. ఒక్కో బృందానికి ఏడాదికి కనీసం 50 గంటలు కేటాయించమంటారు. ఏ పాఠం చెప్పాలో మాత్రం చెప్పరు. ఆ దేశం సిలబస్ ఏదైతే అదే తీసుకోవచ్చు. ఇంగ్లిషులోనే చెప్పాలన్న పట్టూ లేదు. కెనడాలోని క్యూబెక్‌లో ఎన్నో ప్రభుత్వ బడులు తమ రాష్ట్ర సిలబస్‌ను, తమ ఫ్రెంచి భాషలో, ఈ చట్రంలో పెట్టి నడుపుతున్నాయి. కాబట్టి మన ఎనిమిదో తరగతి బొగ్గు పాఠాన్ని అందులో పెట్టి చూడటానికి అడ్డేమీ లేదు. ఈ వ్యాసంలో నేను చేయబోయేది అదే. చట్రం వాళ్లది, నింపేది నేను.

ఒక యూనిట్ తయారుచేయాలంటే టీచరు ముందు కొన్ని ఎంపికలు చేయాలి. పదహారు మూలభావనల పట్టికలోంచి ఒకటి: మార్పు, వ్యవస్థలు, సంబంధాలు, అస్తిత్వం, దృక్కోణం ఇలాంటివి. ఆ విషయానికి ప్రత్యేకమైన అనుబంధ భావనలు ఒకటో రెండో: సైన్సులోనైతే శక్తి, రూపాంతరం, పర్యవసానాలు, సాక్ష్యం ఇలా. చివరగా ఆరు ప్రపంచ సందర్భాల్లో ఒకటి. ఈ మూడింటినీ కలిపి ఒకే ఒక్క వాక్యం రాయాలి. యూనిట్ మొత్తం ఆ వాక్యం మీద నిలబడుతుంది. దీనికో కఠినమైన షరతు ఉంది. వాక్యంలో పాఠం పేరు రాకూడదు. బొగ్గు పాఠానికి రాసే వాక్యంలో బొగ్గు ఉండకూడదు.

మొదట చదివినప్పుడు ఇది పంతంలా అనిపిస్తుంది. కూర్చుని రాయబోతే దాని విలువ తెలుస్తుంది. మార్పు మూలభావనగా, శక్తి, పర్యవసానాలు అనుబంధంగా, ప్రపంచీకరణ–సుస్థిరత సందర్భంగా తీసుకుని నేను రాసుకున్న వాక్యం ఇది: శక్తిని ఒక రూపంలోంచి మరో రూపంలోకి మార్చినప్పుడు, ఆ మార్పు పర్యవసానాలు దాన్ని వాడుకున్నవాళ్ల దగ్గరే ఆగవు. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి ఇది సరిపోతుంది. శ్రీశైలం డ్యామ్ కింద మునిగిన ఊళ్లకూ సరిపోతుంది. వంటచెరకుకూ సరిపోతుంది. బొగ్గు అన్న మాట ఉండి ఉంటే వాక్యం బొగ్గు దగ్గరే ఆగిపోయేది. టీచరు కూడా అక్కడే ఆగిపోయేది. పిల్ల ఈ యూనిట్ అయిపోయాక తీసుకుపోవాల్సింది బొగ్గు రకాల పట్టిక కాదు, ఇంకోచోట ఇంకో ఇంధనం ఎదురైనప్పుడు అడగాల్సిన ప్రశ్న. ఆ పనిని ఉపన్యాసానికి వదలకుండా, రాసే నియమంలోనే బిగించారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన కీలు ఇదే.

ఇప్పుడు సందర్భం ఒక్కటి మార్చి చూడండి. సుస్థిరత తీసేసి, స్థల–కాలాల్లో మన స్థానం అన్నది పెట్టండి. అదే బొగ్గు, అదే పిల్లలు. యూనిట్ పూర్తిగా వేరే దారి పడుతుంది. 1889లో ఇల్లెందులో మొదలైన తవ్వకం గోదావరి ఒడ్డుకు ఎలా చేరింది? 1960ల నుంచి ఇక్కడికి ఎవరెవరు ఏ ఊళ్ల నుంచి వచ్చి కాలనీలు కట్టుకున్నారు? యైటింక్లైన్ కాలనీ ఒక బాయి నంబరును తన పేరులో ఎందుకు మోస్తున్నది? పిల్లలు తాతల దగ్గర, బొగ్గును చేత్తో ఎత్తిన తట్టా చెమ్మసుల రోజుల గురించి అడిగి రాసుకుంటారు. మళ్లీ మార్చి, న్యాయం–అభివృద్ధి అన్న సందర్భం పెడితే చర్చ వారసత్వ ఉద్యోగాల దాకా, భూములు పోయిన ఊళ్ల దాకా పోతుంది. యూనిట్ పత్రంలో ఒక్క గడిలో మాట మారితే పాఠం ఇంతగా మళ్లడం, ఆ గళ్లను పెట్టినవాళ్లు ఎంత ఆలోచించారో చెబుతుంది.

వాక్యం కింద మూడు రకాల ప్రశ్నలు రాయాలి. వాస్తవాన్ని అడిగేవి, భావనను అడిగేవి, వాదనకు నిలిచేవి. మొదటి రకం తేలిక: గోదావరి లోయలో గోండ్వానా పొరల్లో బొగ్గు ఎలా ఏర్పడింది? రెండోది: శక్తి రూపం మారేటప్పుడు కొంత ఎందుకు చేజారుతుంది? మూడోది రాయడమే కష్టం, ఎందుకంటే టీచరు దగ్గర జవాబు ఉండకూడదు. ఎన్టీపీసీ రామగుండంలో 2,600 మెగావాట్ల బొగ్గు యూనిట్ల పక్కనే, వాళ్ల జలాశయం నీళ్ల మీద, 2022లో 100 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. రెండూ ఒకే కంపెనీవి. ఆ రెండింటినీ చూస్తూ పెరుగుతున్న పదమూడేళ్ల పిల్లను ఇలా అడగవచ్చు: ఒక ఊరు ఒకే ఇంధనం మీద బతికినప్పుడు, ఆ ఇంధనం అవసరం తగ్గితే ఆ ఊరి తర్వాతి సంగతి ఎవరు తేల్చాలి? కంపెనీయా, సర్కారా, యూనియనా, ఊరేనా? ఈ ప్రశ్న గోదావరిఖనిలో ఇళ్లలో, హోటళ్లలో, గేట్ మీటింగుల్లో నడుస్తూనే ఉంది. బడిలోకి రావడానికి దానికి ఒక అధికారిక గడి దొరికింది.

మార్కుల పద్ధతి దగ్గర ఇంకాసేపు ఆగాలి. పనితనం చిక్కగా ఉన్నది అక్కడే.

ప్రతి విషయానికీ నాలుగు ప్రమాణాలు, ఒక్కోటి ఎనిమిదికి. సైన్సులో మొదటిది జ్ఞానం, అవగాహన. రెండోది ప్రశ్న వేసి ప్రయోగం రూపొందించడం. మూడోది వచ్చిన లెక్కలను విశ్లేషించి విలువ కట్టడం. నాలుగోది సైన్సు ప్రభావాన్ని ఆలోచించడం. మన పరీక్షలు ఎక్కువగా తూచేది మొదటిదాన్నే. ఇక్కడ దానికి నాలుగో వంతు మించి దక్కదు. బట్టీ పట్టిన పిల్లకు అందులో కొన్ని మార్కులు రావచ్చు. 32కి 32 మాత్రం రావు.

ప్రమాణాల భాష చూడండి. ఒకే ప్రమాణం మొదటి ఏడాది, మూడో ఏడాది, ఐదో ఏడాది వరుసగా కనిపిస్తుంది. శాస్త్ర జ్ఞానాన్ని మొదటి ఏడాది పిల్ల స్థూలంగా చెబితే చాలు. మూడో ఏడాది, అంటే మన ఎనిమిదో తరగతిలో, వర్ణించాలి. ఐదో ఏడాది వివరించాలి, అంటే కారణంతో సహా చెప్పాలి. మిగతా వాక్యం దాదాపు అదే, క్రియ మాత్రం బరువెక్కుతూ పోతుంది. ఈ క్రియల్లో ప్రతి ఒక్కదానికీ నిర్వచనం రాసిపెట్టారు. కాబట్టి ‘వివరించుము’ అని ప్రశ్నపత్రంలో అలవాటుగా పడేసే వీలు టీచరుకు లేదు.

బొగ్గు యూనిట్‌లో రెండో ప్రమాణానికి పని ఏం పెట్టాలని ఆలోచిస్తే, బొగ్గు కాల్చడం తట్టింది. పొగ, ప్రమాదం. వదిలేశాను. ఇక్కడి గనులు నడిపే సింగరేణి కంపెనీ భూగర్భ గనుల్లో దశాబ్దాలుగా నడిచిన ఒక పని దానికన్నా బాగా కుదిరింది. బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీని గోఫ్ అంటారు. దాన్ని వదిలేస్తే పైకప్పు కూలుతుంది, నేల కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి, ఆ ఖాళీని నింపుతారు. అడ్డుగా కట్టిన తడకల వెనక ఇసుక నిలిచిపోతుంది, నీళ్లు వడిసి బయటికి వస్తాయి, వాటిని పంపులతో తోడేస్తారు. శాండ్ స్టోయింగ్ అన్న మాట ఇక్కడి ఇళ్లలో చాలామందికి తెలుసు. మట్టి కాకుండా ఇసుకే ఎందుకు?

ఆ ప్రశ్నకు పిల్ల బడిలోనే జవాబు వెతకగలదు. మూడు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసి, బోర్లించి, మూతికి గుడ్డ కట్టి, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో చేను మట్టి, ఒకదాంట్లో ఓబీ మట్టి సమానంగా నింపి, ఒకే కొలత నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఎన్ని మిల్లీలీటర్లు కింద పడ్డాయో రాసుకోవాలి. ప్రమాణం ఏమంటుందంటే: పరీక్షించదగిన ఊహ రాయి, దానికి శాస్త్ర కారణం చెప్పు, ఏది మారుస్తున్నావో ఏది మారకుండా ఉంచుతున్నావో చెప్పు, ఎట్లా కొలుస్తావో చెప్పు. మూడో ప్రమాణం ఇంకా ముందుకు పోతుంది: లెక్కలను బట్టి నీ ఊహ నిలిచిందా, నీ పద్ధతి సరైనదేనా, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?

ఊహ తప్పయినందుకు ఇక్కడ ఒక్క మార్కూ పోదు. చేను మట్టే తొందరగా నీళ్లు వదులుతుందని అనుకుని, కాదని తేలాక, ఎందుకు కాలేదో చక్కగా రాసిన పిల్లకు ఎనిమిది వస్తుంది. ఊహ నిజమై, ‘నా ఊహ నిజమైంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్న పిల్లకు రాదు. ల్యాబ్ రికార్డులో జవాబు ముందే రాసుకుని తర్వాత ప్రయోగం చేసే అలవాటును ఈ ఒక్క నియమం అనవసరం చేసేస్తుంది.

నాలుగో ప్రమాణం ఇదే ఇసుకను తీసుకుని బయటికి పోతుంది. ఒక సమస్యను సైన్సు ఎలా పరిష్కరించిందో చెప్పి, ఆ పరిష్కారం తెచ్చిన పర్యవసానాలను నైతికం, సామాజికం, ఆర్థికం, రాజకీయం, సాంస్కృతికం, పర్యావరణం ఇలాంటి కోణాల్లో ఒకదాన్ని పట్టుకుని చర్చించమంటుంది. గని కూలకుండా కాపాడిన ఇసుక నది పడకలోంచే వచ్చింది. ఇసుకకు బదులు ఓబీని నలగగొట్టి, కడిగి వాడే దారి ఆ తర్వాత వచ్చింది. పిల్ల ఈ రెండు వాక్యాల మధ్య ఒక పేజీ రాయగలిగితే, అది కోక్ ఉపయోగాల కన్నా చాలా పెద్ద చదువు.

గణితంలో కూడా ఇలాంటి ముచ్చటైన బిగింపు ఒకటుంది. నిజజీవితానికి గణితాన్ని అన్వయించే నాలుగో ప్రమాణం, జవాబు ఎంత ఖచ్చితంగా చెప్పావో సమర్థించుకో అంటుంది. ఆ జవాబుకు నిజంగా అర్థం ఉందో లేదో కూడా చెప్పమంటుంది. 2,600 మెగావాట్ల కేంద్రం రోజంతా పూర్తి బలంతో నడిచిందనుకుందాం. 6 కోట్ల 24 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గు అనుకుంటే 43,680 టన్నులు. మన పద్ధతిలో ఇక్కడితో మార్కులన్నీ వచ్చేస్తాయి. ఎంవైపీ పద్ధతిలో సగం పనే అయింది. 0.7 అన్నదే ఉజ్జాయింపు అయినప్పుడు చివర 680 రాయడానికి నీకు హక్కుందా? సుమారు 44 వేల టన్నులు అనడమే నిజాయితీ కాదా? ఏడు యూనిట్లూ ఇరవైనాలుగు గంటలూ ఆగకుండా నడుస్తాయా? ఆ పిల్ల ఇంట్లో ఎన్టీపీసీలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఓవర్‌హాలింగ్‌కు యూనిట్ ఆపడం గురించి అన్నం తినేటప్పుడే తెలుస్తుంది.

ఏడాది చివర మార్కు వేసే తీరు కూడా వేరు. ప్రతి ప్రమాణాన్నీ ఏడాదిలో కనీసం రెండుసార్లు పరీక్షించాలి. వచ్చిన అంకెల సరాసరి మాత్రం తీయరు. ఒక పిల్లకు వరుసగా 3, 4, 6, 7 వచ్చాయనుకోండి. సరాసరి 5. కానీ ఆ పిల్ల ఇప్పుడు ఐదు దగ్గర లేదు. టీచరు మొత్తం పని ముందేసుకుని, ఇప్పుడు ఏ వర్ణనకు బాగా సరిపోతున్నదో చూసి ఆరో ఏడో వేస్తుంది. జూన్‌లో తడబడినందుకు మార్చిలో శిక్ష ఉండదు. నాలుగు ప్రమాణాలూ కలిపి 32కి వచ్చిన మొత్తాన్ని ఒకటి నుంచి ఏడు దాకా గ్రేడుగా మారుస్తారు. 28 గానీ ఆపైన గానీ వస్తే ఏడు. ఈ స్వేచ్ఛ పక్షపాతానికి దారి తీయదా అన్న అనుమానం న్యాయమైనదే. అందుకే ఒకే విషయం చెప్పే టీచర్లు ఒకే జవాబుపత్రాన్ని విడివిడిగా దిద్ది, కలిసి కూర్చుని, ఎవరు ఎంత ఎందుకు వేశారో వాదించుకుని ఒక మాట మీదికి రావాలన్న నియమం పెట్టారు. టీచర్ల గదిలో జరిగే ఆ వాదన, నా దృష్టిలో, ఎన్ని శిక్షణ శిబిరాలకైనా సమానం.

ఐదో ఏడాది ప్రతి పిల్లా తనకు నచ్చిన విషయం మీద సొంత ప్రాజెక్టు ఒకటి పూర్తి చేస్తుంది. దాని మార్కులను బయటి పరిశీలకులు సరిచూస్తారు. 2016 నుంచి కంప్యూటర్ తెర మీద రాసే పరీక్షలు కూడా వచ్చాయి, ఇష్టమైన బళ్లు రాయిస్తాయి. మూడు నాలుగేళ్లకే కార్యక్రమం ముగిసే బళ్లలో సొంత ప్రాజెక్టు స్థానంలో ఊరికి పనికొచ్చే ప్రాజెక్టు ఉంటుంది, ముగ్గురికి మించకుండా జట్టు కట్టవచ్చు.

అన్నీ ఇంత బాగా లేవు. ఆదర్శ విద్యార్థికి ఉండాల్సిన పది లక్షణాల జాబితా ఒకటుంది. గోడకు అంటించడానికి బాగుంటుంది కానీ, ప్రమాణాల్లో కనిపించిన పదును అందులో లేదు. పదహారు మూలభావనలు పదహారే ఎందుకో ఎంత చదివినా నాకు ఒప్పుదల కలగలేదు. పత్రాల పని కూడా ఎక్కువ. నలభై మంది ఉన్న తరగతిలో ప్రతి పిల్లకూ నాలుగు ప్రమాణాలు రెండేసిసార్లు దిద్దడం మాటలు కాదు. చిన్న తరగతులు, ఎక్కువమంది టీచర్లు ఉన్న బళ్లను ఊహించుకుని కట్టిన చట్రం ఇది. హైదరాబాదు శివార్లలో, మహేశ్వరం దగ్గర వందెకరాల్లో 2011లో మొదలైన ఆగా ఖాన్ అకాడమీ లాంటి చోట అది సాధ్యం. మన సర్కారు బళ్లలో ఉన్నదున్నట్టు దించడం సాధ్యం కాదు.

దించే ప్రయత్నం ఒకటి తెలుగు నేల మీద జరగబోయింది. 2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీకి, ఐబీకి మధ్య ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ బళ్లలో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి పైకి పోవాలన్నది ఆలోచన. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, అది తరగతి గదుల దాకా రాలేదు. వచ్చి ఉంటే ఖర్చెంత, టీచర్లు తట్టుకోగలిగేవాళ్లా అన్న చర్చ అప్పుడు గట్టిగానే నడిచింది. ఆ చర్చలో ఎక్కడా ఈ వాక్యం రాసే నియమం గురించి గానీ, తప్పయిన ఊహకు మార్కులు పోకపోవడం గురించి గానీ నాకు కనిపించలేదు. ఐబీ అన్న పేరు, గుర్తింపు, లోగో వాడాలంటే డబ్బు కట్టాలి. పాఠం పేరు లేకుండా ఒక వాక్యం రాసుకోవడానికి, మూడు సీసాల్లో ఇసుక, మట్టి నింపడానికి, ఇద్దరు సైన్సు టీచర్లు ఒకే పేపరును దిద్ది పోల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎఫ్‌ఏల్లో, అంటే బడిలో పెట్టే నిర్మాణాత్మక పరీక్షల్లో, ప్రాజెక్టు పనులకు ఎలాగూ చోటుంది. సింగరేణి సొంత బళ్లలోనైతే ఇసుక ఎక్కడ ఎట్లా నింపుతారో చెప్పడానికి పిల్లల నాన్నల్లోనే గని లోపలి పని చూసే ఓవర్‌మెన్లు, సర్దార్లు దొరుకుతారు. ఒక సాయంత్రం వాళ్లలో ఒకరిని బడికి పిలిస్తే చాలు.

యూనిట్ పత్రం చివర టీచరు కోసం మూడు గళ్లు ఉంటాయి: చెప్పకముందు, చెబుతుండగా, చెప్పాక. నేను తయారుచేసిన బొగ్గు యూనిట్‌లో మొదటి గడి నింపగలిగాను. పిల్లల్లో ఎంతమంది ఇళ్లు బాయి మీద, ఎంతమందివి ఓపెన్‌కాస్టు మీద, ఎంతమందివి ఈ రెండింటితో సంబంధం లేని పనుల మీద నడుస్తున్నాయో ముందే తెలుసుకోవాలని రాశాను. భూమి పోయిన ఇంటి పిల్లా, అదే భూమిలో డంపర్ నడిపే ఇంటి పిల్లా ఒకే బెంచీ మీద ఉంటారు కాబట్టి, వాదన ప్రశ్నను మొదటి వారంలోనే పెట్టకూడదని, ఇసుక ప్రయోగం అయ్యాకే పెట్టాలని రాశాను. మిగతా రెండు గళ్లు నింపాల్సింది ఆ యూనిట్ చెప్పే టీచరు.